తాతయ్య 1958లో అచ్చు వేయించుకున్న శతకం కోల్‌కతా నేషనల్ లైబ్రరీలో దొరుకుతుందా?

తెనాలి మనవరాలు:

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, హైస్కూల్లో తెలుగు మాస్టారుగా పనిచేశారు. 1958లో ఒక శతకం రాసి తెనాలిలో ఒక ప్రెస్సులో అయిదొందల కాపీలు సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్నారు, ఆ డబ్బు కోసం అమ్మమ్మ గాజులు తాకట్టుకి వెళ్ళాయని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అంతకుముందు 1939లో, పెళ్ళి కాకముందే, ఒక చిన్న ఖండకావ్యం కూడా వేశారట గానీ దాన్ని మా ఇంట్లో ఎవరూ చూడలేదు. శతకం మాత్రం నాకు గుర్తుంది. లేత ఆకుపచ్చ అట్ట, మూలలు నలిగిపోయి ఉండేవి, వెనక అట్ట లోపలివైపు అమ్మమ్మ పెన్సిలుతో పాల పద్దు రాసుకుంది.

ఇంట్లో ఉన్న కాపీలు పంచగా పంచగా అయిపోయాయి. ఆఖరి కాపీ ఎవరో సభలో మాట్లాడాలని తీసుకెళ్ళి మళ్ళీ ఇవ్వలేదు. ఊళ్ళో లైబ్రరీకి తాతయ్య రెండు కాపీలు ఇచ్చారని తెలిసి పోయినేడు వెళ్ళి అడిగితే, చెదలు పట్టిన పుస్తకాలన్నీ ఎప్పుడో తూకానికి వేసేశామన్నారు. ఆ రోజు బస్సులో ఇంటికొచ్చేదాకా నాకు నోట మాట రాలేదు.

అమ్మకి ఇప్పుడు 78. శతకంలో పదకొండు పద్యాలు కంఠతా వచ్చు, మిగతావి ఒక్కో పాదం గుర్తొస్తాయి, అక్కడే ఆగిపోతుంది. అవన్నీ తన చేతిలో పెట్టాలని నా ఆశ.

దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక కాపీ కోల్‌కతాలో ఉండి తీరుతుందని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు. నిజమేనా? అక్కడికి వెళ్ళకుండానే ఉందో లేదో తెలుసుకునే దారి ఉందా? నాలాంటి మామూలు వాళ్ళని లోపలికి రానిస్తారా, లేక ప్రొఫెసర్లకీ రీసెర్చ్ వాళ్ళకేనా? 1939 పుస్తకం సంగతి ఏమిటి?

పాత లైబ్రేరియన్:

అమ్మా, ముప్పై ఏళ్ళు లైబ్రరీలో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి, నాకు తెలిసినంతవరకు చెబుతాను. మీ రెండు పుస్తకాలకీ రెండు వేరు వేరు దారులున్నాయి, కలిపి వెతికితే దొరకవు.

ముందు 1958 శతకం. మీ ఆఫీసాయన చెప్పినది సగం నిజం. 1954లో పుస్తకాల బట్వాడా చట్టం అని ఒకటి వచ్చింది, 1956లో దాన్ని సవరించి వార్తాపత్రికల్ని కూడా చేర్చారు. దాని ప్రకారం పుస్తకం వేసిన ప్రతి ప్రచురణకర్తా విడుదలైన ముప్పై రోజుల్లోపు ఒక కాపీ తన ఖర్చుతో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి పంపాలి. ఇంకో మూడు లైబ్రరీలకి కూడా ఒక్కొక్కటి పంపాలి: చెన్నైలో కన్నెమరా, ముంబైలో ఏషియాటిక్ సొసైటీ భవనంలోని సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. ఆ చట్టంలో నాకు బాగా నచ్చే మాట ఒకటుంది. కోల్‌కతాకి పంపే కాపీ, వేసినవాటిలోకెల్లా మంచి కాగితం మీద అచ్చయినది, బొమ్మలూ పటాలూ అన్నీ సక్రమంగా ఉన్నది, కుట్టుపని పూర్తయినది అయ్యుండాలి. మిగతా మూడింటికీ మామూలు అమ్మకం కాపీ చాలు. అంటే మీ తాతగారు కనక పంపి ఉంటే, అయిదొందల్లోనూ మంచి కాపీనే కోల్‌కతా వెళ్ళి ఉంటుందన్నమాట.

పంపి ఉంటే అన్నాను చూడండి, అసలు చిక్కంతా ఆ మాట దగ్గరే ఉంది. చట్టం వచ్చింది గానీ సొంతంగా అచ్చేయించుకున్న మాస్టర్లలో చాలామందికి అలాంటి చట్టం ఉందన్న సంగతే తెలియదు. కొన్ని ప్రెస్సుల వాళ్ళు బాధ్యతగా తామే పంపేవాళ్ళు. పంపకపోతే జరిమానా యాభై రూపాయల వరకు, పైన పుస్తకం ఖరీదు. అందుకని "ఉండి తీరుతుంది" అనకండి, "ఉండే అవకాశం బాగా ఉంది" అనుకోండి.

వెళ్ళకుండా తెలుసుకునే దారి ఉంది, చాలామందికి ఇది తెలియదు. నేషనల్ లైబ్రరీ ఆవరణలోనే సెంట్రల్ రిఫరెన్స్ లైబ్రరీ అని ఇంకో సంస్థ ఉంది. ఈ చట్టం కింద వచ్చిన పుస్తకాల ఆధారంగానే వాళ్ళు భారత జాతీయ గ్రంథసూచి తయారుచేస్తారు, ఇంగ్లీషులో అందరూ ఐ.ఎన్.బి. అంటారు. మొదటి సంచిక 1958 ఆగస్టు 15న వచ్చింది. మీ అదృష్టం, శతకం కూడా అదే ఏడు. ఐ.ఎన్.బి.లో ఎంట్రీ కనబడిందంటే ఆ పుస్తకం ఒక కాపీ కోల్‌కతా చేరినట్టే లెక్క. పాత సంపుటాలు పెద్ద యూనివర్సిటీ లైబ్రరీల రిఫరెన్స్ సెక్షన్లో ఉంటాయి, ఎవరూ ముట్టుకోరు కాబట్టి పైన దుమ్ము ఉంటుంది, చేతిరుమాలు పట్టుకెళ్ళండి.

వెతికేటప్పుడు రెండు జాగ్రత్తలు. 1958 ఒక్కటే చూసి లేదనుకుని వచ్చేయకండి, 59, 60, 61 కూడా చూడండి, పుస్తకం ఆలస్యంగా చేరితే ఎంట్రీ కూడా ఆలస్యంగానే పడుతుంది. రెండోది, ఐ.ఎన్.బి.లో మొదట్నుంచీ అన్ని భాషల పుస్తకాలూ రోమన్ లిపిలోనే ఉంటాయి, అక్షరాల మీద గీతలూ కింద చుక్కలూ పెట్టి. మన తెలుగు పేర్లతో ఇక్కడే అసలు గొడవ. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. కొందరు ఇంటిపేరు కింద ఎక్కిస్తారు, కొందరు చివర ఉన్న శాస్త్రి, రావు, మూర్తి కింద ఎక్కించేస్తారు. వెంకటకి వేంకట అని దీర్ఘం ఉందా లేదా అన్నదాన్ని బట్టి కూడా వరస మారిపోతుంది. నా సర్వీసులో లేవని చెప్పి పాఠకుల్ని వెనక్కి పంపిన పుస్తకాల్లో ఎన్నో తర్వాత వేరే పేరు కింద బయటపడ్డాయి, ఆ పాఠకుల ముఖాలు ఇప్పటికీ గుర్తొస్తాయి. కాబట్టి రచయిత పేరు ఎన్ని రకాలుగా విరవొచ్చో అన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. శతకం పేరుతోనూ చూడండి.

ఇక 1939 ఖండకావ్యం. దానికి 1954 చట్టం వర్తించదు. అప్పటికి ఉన్నది 1867 నాటి ప్రెస్ చట్టం, దాని కింద కాపీలు ఆయా రాష్ట్ర ప్రభుత్వాలకి వెళ్ళేవి, మనకైతే మద్రాసుకి. మూడు నెలలకోసారి మద్రాసు ప్రభుత్వం రిజిస్టరైన పుస్తకాల జాబితా అచ్చువేసేది. అందులోంచి కొన్నిటిని లండన్‌లో బ్రిటిష్ మ్యూజియానికీ ఇండియా ఆఫీస్ లైబ్రరీకీ ఎంపిక చేసి పంపేవాళ్ళు, ఇప్పుడు అవన్నీ బ్రిటిష్ లైబ్రరీలో ఒకేచోట ఉన్నాయి. మనకి ఇక్కడ దొరకని తెలుగు పుస్తకాలు అక్కడ ఉండటానికి కారణం అదే. దీనికి మొదట చూడాల్సింది సాహిత్య అకాడెమీ వేసిన నేషనల్ బిబ్లియోగ్రఫీ ఆఫ్ ఇండియన్ లిటరేచర్, 1901 నుంచి 1953 దాకా వచ్చిన పుస్తకాలు. నాలుగు సంపుటాలు, తెలుగు నాలుగోదాంట్లో ఉంటుంది. అది ఏరి కూర్చిన జాబితా, అన్నీ ఉండవు, అందులో లేకపోతే నిరాశపడొద్దు.

బెల్వెడేర్ పాఠకుడు:

మీ మూడో ప్రశ్నకి నేను చెబుతానండి, లోపలికి మామూలు వాళ్ళని కూడా రానిస్తారు. నేనేం ప్రొఫెసర్ని కాదు. పాత తెలుగు పత్రికల కోసం రెండుసార్లు కోల్‌కతా వెళ్ళి మొత్తం పదహారు రోజులు అక్కడ కూర్చున్నాను.

అలీపూర్‌లో జూ పక్కనే ఉంటుంది, ముప్పై ఎకరాల ఆవరణ. గేటు దాటి లోపలికి నడుస్తుంటే ఎదురుగా పెద్ద తెల్లటి భవనం కనిపిస్తుంది, అదే బెల్వెడేర్ హౌస్, ఒకప్పుడు బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్లు ఉన్న ఇల్లు. నేను మొదటిసారి తిన్నగా అందులోకే వెళ్ళబోయాను. సెక్యూరిటీ అతను నవ్వి పక్కకి చెయ్యి చూపించాడు, ఇప్పుడు పుస్తకాలూ రీడింగ్ రూములూ ఉన్నది భాషా భవన్ అనే కొత్త బిల్డింగులో. అక్కడ ఒక్కో భాషకీ ఒక్కో విభాగం ఉంటుంది, తెలుగుకీ ఉంది. అంత దూరం వెళ్ళాక బోర్డు మీద తెలుగు అక్షరాలు కనబడితే ఎలా ఉంటుందో చెప్పలేను.

పద్ధతి ఏమిటంటే, బీరువాల దగ్గరికి మనల్ని పంపరు. కేటలాగులో పుస్తకం చూసుకుని, దాని నంబరు, రచయిత, పేరు ఒక చీటీ మీద రాసి కౌంటర్లో ఇవ్వాలి, లోపల్నుంచి వాళ్ళు తెచ్చిస్తారు. నంబరులో ఒక్క అంకె తప్పు రాస్తే వేరే పుస్తకం వస్తుంది, లేదా చీటీ వెనక్కి వస్తుంది. ఓపిక కావాలి. అన్ని చీటీలూ పొద్దున్నే ఇచ్చేయడం మంచిది. అంటే ఒక్క పుస్తకం కోసమైనా ఒక్క పూటలో పనైపోతుందని రిటర్న్ టికెట్ బుక్ చేసుకోకండి, కనీసం రెండు మూడు రోజులు పెట్టుకోండి. ఏడాదిలో మూడు జాతీయ సెలవులు, అంటే జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 తప్ప మిగతా రోజుల్లో తెరిచి ఉంచే ఆనవాయితీ ఉంది, అయినా వేళలూ నిబంధనలూ మారుతుంటాయి, టికెట్ కొనేముందు వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ లైబ్రరీ అసలు మొదలైంది జనం చందాలతో. 1836లో కలకత్తా పబ్లిక్ లైబ్రరీ అని పెట్టారు, రవీంద్రనాథ్ ఠాగూర్ తాతగారు ద్వారకానాథ్ ఠాగూర్ దాని మొదటి వాటాదారు. ఫోర్ట్ విలియం కాలేజీ లైబ్రరీ నుంచి 4,675 పుస్తకాలు దానికి ఇచ్చారు, అదే పునాది. ఇంకోపక్క 1891లో ప్రభుత్వ శాఖల లైబ్రరీల్ని కలిపి ఇంపీరియల్ లైబ్రరీ చేశారు, కానీ అందులోకి పై అధికారులకే ప్రవేశం. అప్పటి వైస్రాయ్ కర్జన్ ఈ రెండిటినీ కలిపి 1903 జనవరి 30న మెట్‌కాఫ్ హాల్లో అందరికీ తెరిచాడు. మొదటి లైబ్రేరియన్ని బ్రిటిష్ మ్యూజియం నుంచి తెచ్చారు, జాన్ మాక్‌ఫర్లేన్. ఆయన తర్వాత వచ్చినవాడు హరినాథ్ దే, ఆ పదవిలో కూర్చున్న మొదటి భారతీయుడు. ముప్పై నాలుగు భాషలు వచ్చంటారు, 1911లో ముప్పై నాలుగేళ్ళకే పోయాడు. ఆయన గురించి చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అలాంటి మనిషి ఇంకో ముప్పై ఏళ్ళు ఉండి ఉంటే మన భాషల పుస్తకాలు ఎన్ని పోగయ్యేవో అని.

రెండో ప్రపంచ యుద్ధంలో అప్పటికి ఎస్ప్లనేడ్‌కి మారిన ఈ పుస్తకాలన్నిటినీ అక్కణ్ణుంచి జబాకుసుమ్ హౌస్ అనే భవనానికి మోశారు, యుద్ధం అయ్యాక మళ్ళీ వెనక్కి మోశారు. 1948లో పేరు మార్చి నేషనల్ లైబ్రరీ అన్నారు, 1953 ఫిబ్రవరి 1న మౌలానా ఆజాద్ బెల్వెడేర్‌లో దాన్ని ప్రజలకి తెరిచారు. స్వాతంత్ర్యం తర్వాత దాన్ని నడిపిన మొదటి లైబ్రేరియన్ బి.ఎస్. కేశవన్. ఆ మరుసటి ఏడే పైన పెద్దాయన చెప్పిన చట్టం వచ్చింది. మీ తాతగారి శతకం సరిగ్గా ఆ తొలి రోజుల్లోది, అందుకే నాకు ఆశగా ఉంది.

ఇప్పుడక్కడ 22 లక్షలకి పైగా పుస్తకాలున్నాయి. కలకత్తా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా చేసిన అశుతోష్ ముఖర్జీ సొంత పుస్తకాలే దాదాపు ఎనభై వేలు, ఆయన కుటుంబం ఇచ్చింది. బర్ద్వాన్ జిల్లా బుహార్ నుంచి వచ్చిన అరబ్బీ, పారశీ రాతప్రతులు వేరే ఉన్నాయి. వాటి మధ్యలో అయిదొందల కాపీల తెనాలి శతకం ఒకటి ఉంటే, దానికీ వాటితో సమానంగా ఒక నంబరు ఉంటుంది. నేను అక్కడ ఒక రోజు 1960 ప్రాంతాల నాటి చిన్న పుస్తకం ఒకటి తెప్పించుకున్నాను, ముప్పై రెండు పేజీలు, ఇంకా అంచులు కోయలేదు. అంటే అరవై ఏళ్ళలో దాన్ని తెరిచింది నేనే మొదటివాణ్ణి. టైటిల్ పేజీ వెనక లైబ్రరీ ముద్ర, తారీకు, పైన ప్రచురణకర్త చేతిరాతతో "నేషనల్ లైబ్రరీ వారికి" అని ఇంకు కాస్త అలుక్కుపోయి ఉంది. ఎవరో ఆయన పోస్టాఫీసుకి నడిచి వెళ్ళి స్టాంపులు అతికించాడు కాబట్టే కదా ఆ పుస్తకం ఇవాళ నా చేతిలో ఉంది అనిపించింది.

నెట్‌లో చూడండి:

ఇప్పుడు అన్నీ స్కాన్ చేసేశారు కదండీ, కోల్‌కతా ఎందుకు? నేషనల్ డిజిటల్ లైబ్రరీ యాప్‌లో వెతకండి, ఇంట్లో కూర్చునే దొరుకుతుంది.

పాత లైబ్రేరియన్:

బాబూ, చాలామంది పడే పొరపాటే ఇది, పేర్లు దగ్గరగా ఉండటం వల్ల. నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళు నడిపేది, 2018లో జాతికి అంకితం చేశారు. ఎక్కడెక్కడో ఉన్న డిజిటల్ సరుకుని ఒకచోట వెతుక్కోవడానికి అది బాగా పనికొస్తుంది. కోల్‌కతా నేషనల్ లైబ్రరీ వేరు. అక్కడి బీరువాల్లో ఉన్నదంతా ఈ యాప్‌లో ఉందనుకుంటే పొరపాటు, యాప్‌లో లేదు కాబట్టి పుస్తకమే లేదనుకుంటే ఇంకా పెద్ద పొరపాటు.

అయితే మీరన్నదాంట్లో ఒక మంచి మాట ఉంది, ముందు నెట్‌లో చూడమని. మన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డిగారు మొదలుపెట్టిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో హైదరాబాద్‌లో స్కానింగ్ సెంటర్లు నడిచాయి, బోలెడు పాత తెలుగు పుస్తకాలు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలోకి ఎక్కాయి. ఆ సైటు తర్వాత ఆగిపోయింది, కానీ చాలా పుస్తకాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్నాయి. వాటితో చిక్కు పేర్లు. తెలుగు పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టారు, శతకము ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటుంది. కాబట్టి అమ్మా, పూర్తి పేరు కొట్టకుండా ఒక్కో ముక్క కొట్టి చూడండి. ఒక సాయంత్రం పడుతుంది, ఖర్చు లేదు.

చిన్న పబ్లిషర్:

నేను ఏడాదికి నాలుగైదు పుస్తకాలు వేస్తాను, కవిత్వం, కథలు, మూడొందల కాపీలకి మించి వేయను. మొదటి పదేళ్ళూ ఒక్క పుస్తకం కూడా కోల్‌కతా పంపలేదు. యాభై రూపాయల జరిమానాకి ఎవరు భయపడతారు చెప్పండి, పైగా నాలుగు పార్సిళ్ళ పోస్టు ఖర్చు, నాలుగు కాపీలు నష్టం అని లెక్క వేసుకునేవాణ్ణి. తర్వాత నేను వేసిన ఒక కవి పోయాడు, ఆయన కొడుకు వచ్చి నాన్న మొదటి పుస్తకం ఒక్క కాపీ ఉందా అని అడిగాడు. నా దగ్గర లేదు. ఎక్కడా లేదు. కంప్యూటర్‌లో ఫైలు ఉండాలి గానీ ఆ హార్డ్ డిస్కు ఎప్పుడో పోయింది. వేసినవాణ్ణి నేను, నా దగ్గరే లేకపోతే ఆ అబ్బాయి ఎక్కడికి వెళ్తాడు? ఆ రోజు నుంచి ప్రతి పుస్తకం నాలుగు చోట్లకీ పంపుతున్నాను. చేరిందని రాతపూర్వకంగా రసీదు ఇవ్వాలని చట్టంలోనే ఉంది, ఆ రసీదులన్నీ ఒక ఫైల్లో పెడుతున్నాను. మార్పుల్లేకుండా రెండో ముద్రణ వేస్తే మళ్ళీ పంపక్కర్లేదు, మొదటిది చేరి ఉంటే చాలు.

సొంతంగా పుస్తకాలు వేసుకునేవాళ్ళు ఇది చదువుతుంటే దయచేసి పంపండి. ఐఎస్‌బిఎన్ నంబరు తీసుకుంటే పుస్తకం లైబ్రరీకి చేరిపోయినట్టే అనుకుంటున్నారు కొందరు, అది నంబరు మాత్రమే, పుస్తకం మనమే పోస్టు చేయాలి.

తెనాలి అమ్మాయి గారికి ఇంకో సలహా. కోల్‌కతాకన్నా ముందు చెన్నై కన్నెమరా చూడండి, మీకు రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చెన్నైలో ఉంటారు. 1896లో తెరిచిన లైబ్రరీ అది, మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్నుంచీ తెలుగు పుస్తకాలు అక్కడ బాగా చేరాయి, చట్టం కింద కూడా చేరాయి. 1939 పుస్తకానికి మాత్రం నేనైతే మొదట వేటపాలెం వెళ్తాను. అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పెట్టినది, గాంధీగారు కూడా 1929లో వచ్చారు, పాత పుస్తకాలూ పత్రికల ఫైళ్ళూ ప్రాణంగా దాచుకున్న చోటు. మీకు పక్కనే. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం కూడా మరిచిపోకండి.

తెనాలి మనవరాలు:

అందరికీ చేతులెత్తి నమస్కారం. మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలి.

ఆర్కైవ్‌లో రెండు రాత్రులు వెతికాను, లేదు. పోయిన శనివారం ఒక యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళాను. ఐ.ఎన్.బి. అడిగితే కౌంటర్లో అమ్మాయికి అర్థం కాలేదు, లోపల్నుంచి ఒక పెద్దాయన వచ్చి కింది అరలోంచి తీసిచ్చారు. 1958 సంపుటంలో ఇంటిపేరుతో చూశాను, లేదు. అసలు పేరుతో చూశాను, లేదు. 59లో కూడా లేదు. అప్పటికి మధ్యాహ్నం రెండైంది, ఇక లేచిపోదామనుకున్నాను. పాత లైబ్రేరియన్ గారు రాసింది గుర్తొచ్చి 60 సంపుటం తీసి, తాతయ్య పేరు చివర ఉన్న శాస్త్రి కింద చూశాను.

ఉంది. మూడు లైన్లు. తాతయ్య పేరు, రోమన్ అక్షరాల్లో, మీద గీతలూ కింద చుక్కలూ. శతకం పేరు. తెనాలి, రచయిత, 1958. 48 పేజీలు. ఖరీదు 75 నయాపైసలు. ఆ ఖరీదు అమ్మకి కూడా గుర్తులేదు.

అక్కడే కూర్చుని అమ్మకి ఫోన్ చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ప్రెస్సాయన పంపి ఉంటాడే, మీ తాతయ్యకి ఇవన్నీ ఎక్కడ తెలుసు" అంది. ఆ ప్రెస్సాయన ఎవరో మాకు తెలియదు, పేరు కూడా తెలియదు.

మా తమ్ముడు వచ్చే నెల ఆఫీసు పని మీద కోల్‌కతా వెళ్తున్నాడు, ఒక రోజు ఎక్కువ ఉంటానన్నాడు. పుస్తకం మొత్తం కాపీ ఇస్తారా? వాడు ఏమేం పట్టుకెళ్ళాలి? 1939 పుస్తకం కోసం ఆదివారం నేను వేటపాలెం వెళ్తున్నాను.

బెల్వెడేర్ పాఠకుడు:

చదువుతుంటే కళ్ళు చెమర్చాయండి.

తమ్ముణ్ణి ఒక రోజు కాదు, రెండు రోజులు ఉండమనండి. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు, రెండు పాస్‌పోర్టు సైజు ఫోటోలు దగ్గర పెట్టుకోమనండి, అడిగినా అడగకపోయినా. ఐ.ఎన్.బి. పేజీ జిరాక్స్ తీసి ఇచ్చి పంపండి, మాటలతో చెప్పడంకన్నా అది చూపిస్తే తెలుగు విభాగం వాళ్ళు త్వరగా పట్టుకుంటారు. కేటలాగులో శాస్త్రి కిందా ఇంటిపేరు కిందా రెండూ చూడమనండి, గ్రంథసూచిలో పడినట్టే అక్కడ కేటలాగులోనూ పడి ఉండాలని లేదు.

కాపీలు తీసిచ్చే విభాగం అక్కడుంది, డబ్బు కట్టాలి. పుస్తకం మొత్తం కావాలన్నప్పుడు కాపీరైట్ ప్రశ్న వస్తుంది. రచయిత పోయాక అరవై ఏళ్ళ దాకా హక్కు వారసులదే, ఇక్కడ వారసురాలు మీ అమ్మగారే. ఆవిడ చేత ఒక కాగితం రాయించండి, ఫలానా పుస్తకం మా నాన్నగారిది, పూర్తి కాపీ తీసివ్వడానికి నాకు సమ్మతమే అని, కింద సంతకం. తమ్ముడు అది చూపించి అక్కడి అధికారిని అడగాలి. ఒకవేళ కాగితం పెళుసుగా ఉండి జిరాక్స్‌కి ఒప్పుకోకపోతే బలవంతం చేయొద్దని చెప్పండి, నలభై ఎనిమిది పేజీలే కదా, పద్యాలు చేత్తో రాసుకున్నా ఒక పూట పని. మంచి పెన్సిలు, తెల్ల కాగితాలు పెట్టుకోమనండి.

టైటిల్ పేజీ వెనక మాత్రం తప్పకుండా చూడమనండి. ప్రెస్సు పేరు అక్కడే ఉంటుంది.